నాలుగో గుండుసూది

మా అత్తగారు మా ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ తన పెట్టె సర్దలేదు. అసలు తెరవలేదని కాదు. పొద్దున్నే మూత తీసి, ఆ రోజుకి కావలసిన బట్టలు తీసుకుని, మళ్ళీ మూత వేసి, పట్టీలు బిగించి తలుపు పక్కన నిలబెట్టేది. అదే గదిలో ఆవిడ కోసమని మేం ఖాళీ చేసిన బీరువా ఒకటుంది. అందులో కలరా ఉండల వాసన తప్ప ఇంకేమీ లేదు. రైల్లో ఎదురు సీటు వాళ్ళు కూడా ఇంతకన్నా చనువుగా సామాను పరుచుకుంటారు.

ఆవిడ జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఒక బేకరీలో చేరి, తెల్లబడేదాకా అక్కడే రొట్టెలు కాల్చింది. యజమాని ముసలివాడై బేకరీ మూసేశాడు. తర్వాత కొన్నాళ్ళకే ఆవిడ తన అద్దె గదిలో తడి నేల మీద జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నర్సైన కూతురుండగా చేతికి కట్టుతో ఒంటరిగా ఎలా ఉంటుందని, మా ఆవిడ వెళ్ళి తీసుకొచ్చేసింది. అదీ సంగతి.

నేను దర్జీని. మా ముందుగదే నా దుకాణం. మా ఆవిడ ఆసుపత్రికి వెళ్ళిపోయాక ఇంట్లో మిగిలేది నేనూ, నా మిషనూ, ఇప్పుడు మా అత్తగారూ. అత్తాకోడళ్ళ గురించి మనవాళ్ళకి బోలెడు సామెతలున్నాయి. అత్తా అల్లుళ్ళ గురించి పెద్దగా చెప్పినట్టు లేదు. చెప్పడానికేముంటుంది? ఇద్దరూ ఒకరికొకరు కుర్చీ చూపించుకుంటూ నిలబడే ఉంటారు.

"అల్లుడుగారూ, మీరు తాగాకే నాకు ఇవ్వండి." "అల్లుడుగారూ, నా కప్పు నేను కడుక్కుంటాను, మీకెందుకు శ్రమ." "అల్లుడుగారూ, ఫ్యాను మీకు చల్లగా ఉంటే ఆపెయ్యమంటారా?" ఇదీ వరస. నాకు ముక్కు మీద కోపం. ఎవరైనా తిడితే తిరిగి తిట్టగలను, ఈ మర్యాదకి మాత్రం మందు లేదు. పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా నన్ను గారూ గారూ అని ఉతికి ఆరేసేది.

కట్టు విప్పేశారు. వేళ్ళు తిరుగుతున్నాయి. ఒకరోజు భోజనాల దగ్గర, "చెయ్యి బాగుంది కదా, ఇంక ఆదివారం పొద్దున్న బస్సుకి వెళ్ళిపోతాను" అంది. మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను నీళ్ళ గ్లాసు ఎత్తి ఖాళీ అయిపోయాక కూడా తాగుతున్నాను.

ఆ రోజే మా ఆవిడ నాతో అంది. "నేను ఉండమంటే 'నీకు జాలి' అంటుంది. నువ్వంటే 'అల్లుడుగారు మర్యాదకి అన్నారు' అంటుంది. ఎలా చెప్పను?"

"ఉండాలనుందా ఆవిడకి?"

"ఉంది. నాకు తెలుసు. ఏ పనీ లేకుండా ఎవరింట్లోనూ కూర్చోలేదు, అంతే. అక్కడ మాత్రం ఏం చేస్తుంది? ఆ గదిలో గోడలు చూస్తూ కూర్చుంటుంది."

ఇంకో మాట కూడా చెప్పింది. బేకరీలో వాళ్ళమ్మ ప్రతి పూటా కలిపిన పిండిలోంచి ఒక గుప్పెడు ముద్ద తీసి గిన్నెలో దాచేదట. మర్నాటి పిండిని పొంగించేది అదే. ఇవాళ్టి ముద్ద రేపటికి, రేపటిది ఎల్లుండికి. బేకరీ మూసేసిన రోజు మాత్రం పిండంతా కాల్చేసి, ఆ గిన్నె కడిగి బోర్లించి ఇంటికొచ్చింది. "ఏడుస్తుందేమో అనుకున్నాను. 'రేపు లేనిచోట ముద్దెందుకే' అంది, అంతే" అంది మా ఆవిడ.

నాకూ ఆవిడ ఉండిపోతే బాగుండుననే ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు గానీ, పగలంతా వెనక గదిలో ఒక మనిషి దగ్గు, ఒక మనిషి నడక వినిపిస్తుంటే నా కుట్టు కూడా తిన్నగా సాగుతోంది. అది పోతుందంటే ముందే బెంగ మొదలైంది.

ఇక దర్జీ బుర్ర ఎలాంటిదంటే, ఎక్కడ చిరుగు కనిపించినా మాటు వేసేద్దామనుకుంటుంది. కొట్టు నుంచి తెచ్చిన బ్రెడ్డుని ఆవిడ బొటనవేలితో నొక్కి, పెదవి విరిచి, పక్కన పెట్టడం చూశాను. మా ఇంట్లో ఓవెన్ లేదు. కానీ ఆసుపత్రిలో మా ఆవిడకి తోటివాళ్ళు ఇచ్చిన ఎయిర్ ఫ్రైయర్ ఉంది. అది అట్టపెట్టెలోంచి బయటికి రాలేదు, ఆ అట్టపెట్టె మీద నేను ఇస్త్రీ చేసిన ప్యాంట్లు పెడుతుంటాను. ప్యాంట్లు దింపి అట్టపెట్టె విప్పాను. ఇంట్లో రొట్టె మొదలుపెడితే ఆవిడకో పని పుడుతుంది, పని పుడితే మనిషి ఆగుతుంది. ఇదీ నా లెక్క.

నాకు రొట్టె గురించి ఏం తెలుసు? తినడం తెలుసు. మైదా, ఈస్టు, ఉప్పు, చక్కెర, గోరువెచ్చటి నీళ్ళు అన్నీ కలిపి, పిసికి, గుడ్డ కప్పి, పొంగాక టిన్నులో వేసి యంత్రంలో పెట్టాను. టిన్ను నిండా వేశాను. చిన్న రొట్టె పెడితే పిసినారి అంటారేమోనని.

ముందుగదిలో ఒక బస్సు డ్రైవరు స్టూలెక్కి నిలబడి ఉన్నాడు. అతని ప్యాంటు అంచుకి నేను గుండుసూదులు గుచ్చుతున్నాను. "మాస్టారూ, ఇల్లేమైనా కాలుతోందా?" అన్నాడు. వంటింట్లోంచి నల్లటి పొగ. పరిగెత్తి వెళ్ళి చూస్తే, పొంగిన పిండి పైనున్న కాయిల్‌కి తల కొట్టుకుంది. పైన బొగ్గు, కింద బంక.

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని, దాన్ని చాలాసేపు చూసింది.

"ఈ యంత్రం సరైంది కాదండీ" అన్నాను.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవరో" అంది. అని, నాలుక కరుచుకుని, "మిమ్మల్ని కాదు బాబూ, మాటవరసకి అన్నాను" అని సర్దుకుంది.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆవిడ మా ఇంటికొచ్చాక నా మీద వేసిన మొదటి చురక అది.

మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఆవిడ గుమ్మంలో నిలబడే తప్పులు చెప్పడం మొదలుపెట్టింది. "నీళ్ళు ఎక్కువయ్యాయి." "ఉప్పు ఈస్టు మీద పోయకండి, అది చస్తుంది." "అలా గుద్దితే అదేం చేసింది పాపం? మడిచి తొయ్యాలి, మడిచి తొయ్యాలి." నేను కావాలనే తప్పుగా పిసుకుతున్నానని ఆవిడకి తెలియదు. అబద్ధం ఎందుకు, సగమే కావాలని. మిగతా సగం చేతకాకే.

చివరికి ఉండబట్టలేక, "జరగండి" అంది. చేతులు కడుక్కుని పిండిలో పెట్టింది. మణికట్టు మొదట కాస్త బెదిరింది, తర్వాత దారిలో పడింది. భుజాలు కిందికి దిగాయి, ముఖంలో ఎక్కడో బిగించిన పట్టీ ఒకటి వదులైంది. ఆవిడ పాటేమీ పాడలేదు గానీ ఊపిరి మాత్రం పాట లెక్కలోనే సాగింది. నేను గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. పని తెలిసిన చెయ్యి ఏదైనా నాకు చూడబుద్ధవుతుంది.

"ఈ డబ్బాకి టిన్నులో సగం పిండి చాలు. పైకి చోటు వదలాలి" అని, పిండంతా టిన్నులోకి దించి, గిన్నె అంచులు వేలితో గీకి, ఆ గీకిన పిసరు కూడా దాని మీదే అద్దింది.

నేను ఏమీ తెలియనట్టు అడిగాను. "ఓ ముద్ద దాచుతారటగా, రేపటికి?"

ఆవిడ చెయ్యి ఆగింది. "అది ఇంటివాళ్ళు చేసుకునే పని బాబూ. వెళ్ళిపోయేవాళ్ళు దాచకూడదు. దానికి రోజూ పిండీ నీళ్ళూ ఎవరు పెడతారు?" అని గిన్నెని కొళాయి కిందికి తీసుకెళ్ళింది. నేను వచ్చి మిషను ముందు కూర్చున్నాను. ఆ పూట ఒక కాలరు తిరగేసి కుట్టాను.

ఆ రోజు రొట్టె ఉడికింది గానీ పైన మాడింది. వేడంతా పైనుంచే ఊదుతుంది కదా, అందుకని ఆవిడ బటర్ పేపరు కప్పింది. ఆ గాలికి పేపరు లేచి కాయిల్‌కి అతుక్కుని కమిలిపోయింది. "మీ యంత్రానికి ఊదడం తప్ప కాల్చడం రాదు. ఇది పొయ్యి కాదు, జుట్టు ఆరబెట్టుకునేది" అంది. అయినా మాడిన చెక్కు తీసేసి ముగ్గురం తిన్నాం. మా ఆవిడ వాళ్ళమ్మ చేతుల వంకే చూస్తూ తింది. అదయ్యాక పెట్టె వంక చూసింది. అది తలుపు పక్కనే ఉంది.

శనివారం వచ్చింది. ఆవిడ పొద్దున్నే పిండి కలిపింది. "వెళ్ళేముందు చిట్టికి ఒక్క మంచి రొట్టె చేసి పెట్టి వెళ్తాను" అంది. చిట్టి అంటే మా ఆవిడ. గిన్నె వంక చూశాను. అద్దంలా గీకేసింది. ఒక్క పిసరు మిగల్చలేదు.

పిండి టిన్నులో పొంగాక నన్ను పిలిచి, "నేను బట్టలు మడతపెట్టుకోవాలి. మీరు ఇది లోపల పెట్టెయ్యండి బాబూ. పేపరు ఎగరకుండా ఏదైనా చూడండి" అని గదిలోకి వెళ్ళిపోయింది. పెట్టె పట్టీలు విప్పిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నా చెవిలో అలాగే ఉండిపోయింది, బుర్ర సగం అక్కడే ఉంది.

కుట్టేవాడికి ఎగిరేదేదైనా కనిపిస్తే చెయ్యి ఎక్కడికి పోతుంది? గుండుసూది మీదికే. నాలుగు తీశాను, నాలుగు మూలలకి. పేపరు మీదుగా పిండిలోకి గుచ్చి యంత్రం నడిపించాను. పేపరు ఇటూ అటూ గిలగిల్లాడింది గానీ లేవలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రొట్టె దివ్యంగా వచ్చింది. వాసనకి పక్కింటి కుక్క మా తలుపు గీకింది. పేపరు తీశాను, గుండుసూదులు పీకాను. ఒకటి, రెండు, మూడు.

మూడే.

కిందా మీదా చూశాను. టిన్నులో లేదు, డబ్బాలో లేదు, నేల మీద లేదు. చిన్నప్పుడు మా గురువుగారు వీపు మీద స్కేలుతో నేర్పిన మొదటి పాఠం, ఎన్ని గుచ్చామో అన్నీ తియ్యాలని. నేల మీద పడ్డ సూదులు ఏరుకునే అయస్కాంతం ఒకటి నా దగ్గరుంటుంది. అది తెచ్చి రొట్టె మీద అక్కడోసారి ఇక్కడోసారి ఆన్చి, డాక్టరు గుండె చప్పుడు విన్నట్టు వింటున్నాను.

"ఏం చేస్తున్నారు బాబూ?"

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. ఆవిడ దగ్గరికొచ్చి, రొట్టె చూసి ముఖం విప్పార్చుకుని, కత్తి అందుకుని చివర ముక్క కోసేసింది. ఆ ముక్క నోటి దాకా వెళ్ళింది.

"తినకండి!" అని అరిచాను. "అందులో గుండుసూది ఉంది!"

ఆవిడకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. పేపరు చిల్లులు చూసింది, నా చేతిలో మూడు సూదులు చూసింది. తర్వాత ఆవిడ గొంతు మా ఇంట్లో మొదటిసారి వినిపించింది. అంతకు ముందు విన్నది ఆవిడ గొంతు కాదని అప్పుడే తెలిసింది నాకు.

"ఒరేయ్, నీకసలు బుద్ధుందా? తినేదాంట్లో సూదులు గుచ్చుతావా? రొట్టెకేమైనా కాజాలు కుడుతున్నావా? నా కూతురు గొంతులో దిగితే ఏం చేసేవాడివి? ఇంత వయసొచ్చింది, మీసాలొచ్చాయి, ఎందుకూ! నిలబడతావేం గుడ్లప్పగించి? చేతులు కడుక్కో, అది పట్రా, వెతుకు!"

నేను ఒకరి చేత మాట పడేవాణ్ణి కాదు. అలాంటిది కుక్కిన పేనులా చేతులు కడుక్కుని వచ్చాను. కోపం రావాల్సింది, రాలేదు. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. మా అమ్మ పోయాక నన్ను అలా తిట్టినవాళ్ళు లేరు.

బట్టలు కత్తిరించే బల్ల మీద తెల్ల గుడ్డ పరిచాను. కుట్టు దీపం వెలిగించాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఆ బంగారం లాంటి రొట్టెని పిసరు పిసరుగా చిదపడం మొదలుపెట్టాం. ముక్క తుంచడం, వేళ్ళ మధ్య నలపడం, పక్కన పెట్టడం. ఆవిడ కాసేపు కోపంగా చిదిపింది. తర్వాత మామూలుగా చిదిపింది. ఆ తర్వాత, తనలో తాను అనుకున్నట్టు, "నా కోటు బొత్తాం కూడా ఒకసారి పిండిలో పడింది" అంది.

"బేకరీలోనా?"

"చేరిన కొత్తలో. చెప్పడానికి భయపడి ఊరుకున్నాను. కాలడం అయిపోయాక ఉండబట్టలేక చెప్పేశాను. ఆ పూట రొట్టెలన్నీ ఇలాగే చిదిపాం, అందరం కూర్చుని. చెరువు బాతులకి పండగ. మా యజమాని ఒక్క మాటనలేదు. మర్నాటి నుంచీ అందరికీ బొత్తాలు లేని ఏప్రన్లు కుట్టించాడు."

"బొత్తాం దొరికిందా?"

"ఆఖరి రొట్టెలో." ఆవిడ మూతి కొంచెం వంకర తిరిగింది. "నేను చెప్పకపోయి ఉంటే అది ఎవరి పంటి కింద పడేదో. నువ్వు కూడా చెప్పావు, అది మేలు."

రొట్టె అయిపోయింది. గుడ్డ మీద కుప్ప మిగిలింది. గుండుసూది లేదు. నేను మళ్ళీ అయస్కాంతం తీసి ఆ కుప్పలో కలియబెడుతున్నాను. ఆవిడ నన్నే చూస్తోంది. చూసి, చూసి, వంగి, నా చొక్కా కాలరు పట్టుకుని ముందుకి లాగింది.

"ఇదేమిటి మరి?"

నా కాలరు మడతలో, పనిలో ఉన్నప్పుడు చెయ్యి ఖాళీ లేక నేనెప్పుడూ గుచ్చుకునే చోట, నాలుగో గుండుసూది. దాన్ని రొట్టెకి గుచ్చనే లేదు. పెట్టె పట్టీల చప్పుడు వింటూ మూడు మూలలకి గుచ్చి, నాలుగోది కాలరుకి పెట్టేసుకున్నాను.

"చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది" అని ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. అది పెద్ద నవ్వు. బల్ల ఊగింది, రొట్టె రవ్వలు ఊగాయి, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నేనూ నవ్వాను, సిగ్గుపడుతూనే. నవ్వుతూనే ఇద్దరం ఆ రవ్వలు గుప్పిళ్ళతో తీసుకుని తినేశాం. గోరువెచ్చగా, మెత్తగా, కాస్త తియ్యగా ఉంది.

"ఎలా ఉంది?" అంది.

"ఇంత మంచి రొట్టె నేను తినలేదు."

"ఉప్పు తక్కువైంది" అని ఆవిడ గుడ్డ దులిపి లేచింది. "చిట్టి వచ్చేలోగా ఇంకోటి అవుతుంది. పిండి డబ్బా తియ్యి. నువ్వు మాత్రం ముట్టుకోకు."

ఈసారి పేపరు లేదు. ఒక అల్యూమినియం రేకు కాగితం తెచ్చి టిన్ను మీద పరిచి, "దీని అంచు టిన్ను కిందికి మడువు. ప్యాంటు కాళ్ళు మడుస్తావు చూడు, అలాగే. ఆ మాత్రం వచ్చు కదా?" అంది. వచ్చు. నా జన్మలో అంత శ్రద్ధగా ఏ అంచూ మడవలేదు. లోపల ఎంత గాలి ఊదినా అది చెక్కుచెదర్లేదు. ఆఖర్న రేకు తీసి కాసేపు రంగు రానిచ్చాం. ఆవిడ రొట్టెని బోర్లించి, వేలి కణుపులతో తలుపు తట్టినట్టు తట్టింది. డొల్లగా మోగింది. "అయింది" అంది.

మా ఆవిడ సాయంత్రం అలసిపోయి వచ్చింది. చెప్పులు విడవకుండానే ముక్కుతో వాసన పట్టుకుంటూ వంటింట్లోకి నడిచింది. అత్తగారు వేడి ముక్క కోసి చేతిలో పెట్టింది. మా ఆవిడ రవ్వ కూడా వదలకుండా తింది. తినడం అయ్యాక, "రేపు బస్సు ఎన్నింటికమ్మా?" అని అడగబోయిందని నాకు తెలుసు, నోరు తెరిచింది కూడా. అడగలేక, మంచినీళ్ళ కోసం వంటగట్టు వైపు తిరిగింది.

గట్టు మీద, మూలగా, తడిగుడ్డ కప్పిన చిన్న స్టీలు గిన్నె ఉంది. నేను కూడా దాన్ని అప్పుడే చూశాను.

మా ఆవిడ గుడ్డ కొస ఎత్తింది. లోపల గుప్పెడు పిండి ముద్ద. మీద వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

"అమ్మా, ఇదేంటి?"

అత్తగారు రొట్టె కోస్తోంది. తలెత్తలేదు. "రేపటికి" అంది. "ఏరా, కుట్టే పనేమీ లేదా నీకు? నాకో ఏప్రన్ కుట్టిపెట్టు. బొత్తాలు పెట్టకు" అని నాతో అంది.

నేను మెడలోంచి టేపు తీశాను. మా ఆవిడ గిన్నె మీదికి వంగి అలాగే నిలబడి ఉంది, భుజాలు కదులుతున్నాయి.

"ఏడిస్తే అవతలికెళ్ళి ఏడువే" అంది అత్తగారు. "అందులో నీళ్ళు పడితే జారైపోతుంది." ఆవిడ గొంతు కూడా అంత గట్టిగా ఏమీ లేదు.